పరుగెత్తితేనే కురిసే కారు

బండి ఆగి ఉండగా రాత్రంతా కుండపోతగా వాన పడినా సీటు మీద చుక్క కనిపించదు. అదే బండి వానలో హైవే ఎక్కి కాస్త దూరం పోయేసరికి డ్రైవరు మోకాళ్లు తడిసి ముద్దవుతాయి. ఎందుకు? స్పోర్ట్స్ కారును సొంత చేతులతో బిగించుకున్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. దీన్ని తిరగేస్తే ఇంకో ప్రశ్న వస్తుంది. ఆ కారుకే టాపు ఊడదీసి వానలో నడిపితే, వేగంగా పోతున్నంతసేపూ పెద్దగా తడవరు. ఎర్రదీపం దగ్గర ఆగారా, నిమిషంలో తలస్నానం అయిపోతుంది.

టాపు ఉంటే పరుగులో తడి, లేకపోతే ఆగితే తడి. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదనిపిస్తుంది గానీ రెండూ నిజమే. రెండింటికీ మూలం కూడా ఒకటే: కదిలే కారు చుట్టూ గాలి చేసే పని. వాన అనగానే మనం నీటి గురించే ఆలోచిస్తాం. కారులోకి వాన రావడంలో సగం కథ గాలిది.

గరాజుల్లో పుట్టిన బండ్లు

ఇంట్లో కారు తయారు చేసుకోవడం మనకు వింతగానే ఉంటుంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికే మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. బ్రిటన్‌లో మాత్రం ఇదొక పాత సరదా, దాని వెనక పన్ను లెక్క ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ కొత్త కారు మీద కొనుగోలు పన్ను బాగా పడేది. అదే కారును విడిభాగాలుగా కొని ఇంటి దగ్గర బిగించుకుంటే ఆ పన్ను ఉండేది కాదు. 1957లో కొలిన్ చాప్‌మన్ తన లోటస్ కంపెనీ తరఫున తెచ్చిన ‘సెవెన్’ ఈ వెసులుబాటును బాగా వాడుకుంది. 1973 ఏప్రిల్‌లో కొనుగోలు పన్ను పోయి వ్యాట్ వచ్చేసరికి ఆ లాభం పోయింది. ఆ ఏడాదే సెవెన్ హక్కులు కేటర్‌హామ్ అనే ఊళ్లోని డీలరు చేతికి వెళ్లాయి, బండి ఇప్పటికీ ఆ ఊరి పేరుతోనే వస్తోంది. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన 250 పౌండ్లతో మీ స్పోర్ట్స్ కారు మీరే కట్టుకోండి అంటూ ఒక పుస్తకం రాశాడు. పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌ను విప్పి, ఆ భాగాలతో సెవెన్ లాంటి బండిని కట్టుకునే పద్ధతి అందులో ఉంది. దాంతో ఈ సరదా చవకై ఇంకా పాకింది.

సెవెన్ నిర్మాణం తెలిస్తే తడి ఎక్కణ్ణుంచి వస్తుందో సగం తెలిసినట్టే. స్టీలు గొట్టాలతో అల్లిన చట్రం, దాని మీద రివెట్లు కొట్టి బిగించిన అల్యూమినియం రేకులు, మొత్తం బరువు సుమారు 500 కిలోలు. ముందు అద్దం చదునుగా, దాదాపు నిటారుగా నిలబడి ఉంటుంది. దాన్ని అటూ ఇటూ రెండు కమ్ములకు బోల్టులతో బిగిస్తారు. గట్టి తలుపులు ఉండవు. వాటి స్థానంలో ప్లాస్టిక్ కిటికీ కుట్టిన పక్క తెరలు ఆ కమ్ములకే బందులతో వేలాడతాయి. నెత్తిన గుడ్డ టాపు, దాన్ని పట్టి ఉంచడానికి ప్రెస్ బటన్లు. కారంటే కారే గానీ, వాన దృష్టితో చూస్తే ఇది చక్రాల మీద పరిగెత్తే గుడారం.

ఇలా కట్టిన బండి రోడ్డెక్కాలంటే బ్రిటన్‌లో ప్రభుత్వ పరీక్ష నెగ్గాలి. 2009 నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో ఒక్కో బండినీ విడిగా చూస్తారు. ముందు అద్దం బిగించిన బండికి మామూలుగా వైపర్లు, అద్దం మీద నీళ్లు చిమ్మే ఏర్పాటు, ఆవిరి పోగొట్టే ఏర్పాటు ఉండాలంటారు. అవన్నీ డ్రైవరుకు దారి కనబడటం కోసం. మోకాళ్ల సంగతి కట్టుకున్నవాళ్లు చూసుకోవాల్సిందే.

చినుకు ఎటునుంచి వస్తుంది?

నేల మీద నిలబడినవాడికి వాన పైనుంచి పడుతుంది. కారులో కూర్చున్నవాడికి ఎదురుగా వస్తుంది. ఎంత ఎదురుగా? చినుకు ఎంత ఎత్తు నుంచి పడినా గాలి దాన్ని అడ్డుకుంటుంది కాబట్టి ఒక స్థాయి దాటి వేగం పెరగదు. ఒక మిల్లీమీటరు చినుకు సెకనుకు సుమారు 4 మీటర్లు, 2 మిల్లీమీటర్ల చినుకు ఆరున్నర మీటర్లు దిగుతుంది. 5 మిల్లీమీటర్ల లావు చినుకు కూడా 9 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. గంటకు 100 కిలోమీటర్లతో పోయే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటుతుంది. అంటే లావు చినుకు ఒక మీటరు కిందికి దిగేలోపు మూడు మీటర్లు మన మీదికి వచ్చేస్తుంది. సన్న చినుకైతే ఏడు మీటర్లు.

ఇప్పుడు టాపు లేని కారును చూడండి. ఎదురుగా వచ్చే గాలి ముందు అద్దానికి తగిలి పైకి లేచి, నెత్తి మీదుగా వెనక్కి దూకుతుంది. సన్న చినుకులకు బరువు తక్కువ, అవి గాలితో పాటే లేచి పోతాయి. లావువి దాదాపు అడ్డంగా వస్తున్నాయి కాబట్టి, అద్దం అంచు దాటినవి సీటు మీద పడేలోపు కారే వాటి కిందనుంచి జారుకుంటుంది. ఆగితే ఈ గాలి గొడుగు ముడుచుకుంటుంది. కూర్చునే చోటు ఒక చదరపు మీటరు తెరిచి ఉందనుకుంటే, ప్రతి మిల్లీమీటరు వానకూ ఒక లీటరు నీళ్లు లోపల పడతాయి. తిరగేసిన ప్రశ్నకు జవాబు ఇదే.

చక్రాలు ఎగజల్లే నీళ్లు వేరే. వాటికి దిక్కూ దివాణం ఉండదు, కిందనుంచీ పక్కలనుంచీ కొడతాయి. గేర్‌బాక్సు మీది సొరంగం, పెడల్ పెట్టె, స్టీరింగ్ కడ్డీ దూరిన కంత ఇలా నేలవైపు తెరిచి ఉన్నవన్నీ ఆ నీటికి గుమ్మాలే. వాటిని మూయడం కష్టం కాదు, మరిచిపోకుండా ఉండటమే కష్టం.

గాలి ఎత్తిపెట్టే నీరు

అసలు ప్రశ్నకు వద్దాం. టాపు వేసి ఉంది, చినుకు నేరుగా లోపల పడే వీల్లేదు. అయినా పరుగులో ఎందుకు కురుస్తోంది?

నిటారుగా ఉన్న అద్దం అడుగున, బానెట్ మీదుగా వచ్చిన గాలి వెళ్లడానికి చోటు లేక దాదాపు ఆగిపోతుంది. ఆగిన గాలి తన వేగాన్నంతా ఒత్తిడిగా మార్చుకుని అక్కడున్న ప్రతి సందునూ లోపలికి నెడుతుంది. దీన్ని ‘ఢీ ఒత్తిడి’ అందాం. దాన్ని నీటితోనే కొలవచ్చు. పారదర్శకమైన సన్న గొట్టాన్ని ఊయలలా వంచి, సగం దాకా నీళ్లు పోసి, ఒక కొసను గాలికి ఎదురుగా పెట్టి రెండో కొసను గాలి తగలని చోట ఉంచారనుకోండి. బండి 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే రెండు వైపుల నీటి మట్టాలకూ 12 మిల్లీమీటర్ల దాకా తేడా వస్తుంది. 100 కిలోమీటర్లకు తేడా 24 కాదు, 47. వేగం రెండింతలైతే ఢీ ఒత్తిడి నాలుగింతలవుతుంది.

ఈ లెక్క చేతిలో ఉంటే అద్దం కింది రబ్బరు సంగతి తేలిపోతుంది. రబ్బరు వెనక రేకును రెండు సెంటీమీటర్లు పైకి మడిచి గట్టులా పెట్టారనుకుందాం. వీధుల్లో 40, 50 వేగానికి రబ్బరు కింద దూరిన నీరు ఆ గట్టు ఎక్కలేదు. హైవే మీద సులువుగా ఎక్కి దిగుతుంది. ఊళ్లో కురవని బండి ఊరు దాటాక కురవడానికి కారణం ఇదే. సీలెంట్ పోసినవాడి పనితనం ఒక్క రాత్రిలో చెడిపోలేదు, వేగం గట్టును పొట్టి చేసింది.

ఇది నెట్టే గాలి. లాగే గాలి కూడా ఉంది. టాపు మీదుగా వడిగా పోయే గాలి వల్ల అక్కడ ఒత్తిడి తగ్గి గుడ్డ బుడగలా ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు రెండు బటన్ల మధ్య అంచు లేచి నోళ్లు తెరుచుకుంటాయి. కారు వెనక కూడా ఒత్తిడి తక్కువే కాబట్టి ఆ నోళ్లలోంచి లోపలి గాలి బయటికి పోతూ ఉంటుంది. పోయిన గాలి స్థానంలోకి ఎక్కడో ఒకచోట నుంచి కొత్త గాలి రావాలి కదా. ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోట నుంచే వస్తుంది, అంటే అద్దం అడుగు నుంచి. అక్కడ నిలిచిన నీటిని కూడా వెంట తెచ్చుకుంటుంది. కురిసేది ముందు, తప్పు వెనక. వెనక అంచు సరిగ్గా బిగిస్తే ముందు కురవడం తగ్గుతుందంటే చాలామంది నమ్మరు.

కంపెనీ కార్లలో ఇదే గాలిని పనివాడిగా పెట్టుకున్నారు. ముందు అద్దం కింద నల్లని జల్లెడ ఒకటి కనిపిస్తుంది చూడండి. క్యాబిన్‌లోకి గాలి తీసుకునే దారి అది. ఒత్తిడి ఎక్కువగా ఉండే చోటు కాబట్టే అక్కడ పెట్టారు. అక్కడ దూరిన గాలి ముందు ఒక పెట్టెలో పడుతుంది. నీళ్లు ఆ పెట్టె అడుగున జారి కిందికి పోతాయి, గాలి మాత్రం ఫ్యాను ద్వారా లోపలికి వచ్చి వెనక కంతల గుండా బయటికి వెళ్తుంది. ఫ్యాను నడుస్తున్నప్పుడు క్యాబిన్‌లో ఒత్తిడి ఏ కొంచెమో ఎక్కువ ఉంటుంది కాబట్టి తలుపు సందుల్లో గాలి లోపలినుంచి బయటికే వీస్తుంది. ఇంట్లో కట్టిన బండిలోనూ, నీళ్లు చేరని చోటు నుంచి గాలి తీసుకునే చిన్న హీటర్ ఫ్యాను ఉంటే, కాళ్లకు వెచ్చదనంతో పాటు ఈ మేలు కూడా దక్కుతుంది.

సందు సన్నబడితే ఏమవుతుంది?

రెండు రేకుల మధ్య సందు ఎంత తక్కువుంటే అంత మంచిదనుకుంటాం. నీటి విషయంలో ఇది తిరగబడుతుంది. శుభ్రమైన రెండు గాజు పలకల్ని ఒక మిల్లీమీటరు ఎడంగా నీటిలో నిలబెడితే వాటి మధ్య నీరు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కుతుంది. ఎడం మిల్లీమీటరులో పదో వంతుకు తగ్గితే, అంటే తలవెంట్రుక మందమైతే, 15 సెంటీమీటర్లు ఎక్కుతుంది. పాఠ్యపుస్తకాల్లో దీని పేరు కేశనాళికీయత. మనం ‘సందుపాకుడు’ అందాం. గాజుకున్నంత నీటి మక్కువ కారు రేకులకు ఉండదు, అంత ఎత్తు ఎక్కకపోవచ్చు. కానీ సందు అడ్డంగా ఉంటే నీటికి ఎక్కాల్సిన పనే లేదు, ఎంత దూరమైనా పాకుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సందులోకి పాకిన నీరు దానంతటది అవతలి కొస నుంచి కారిపోదు. ఏ పట్టుతో లోపలికి పాకిందో ఆ పట్టే దాన్ని సందులో బిగబట్టి ఉంచుతుంది. దాన్ని అవతలికి తొయ్యడానికి ఇంకొకరు కావాలి. ఆ ఇంకొకరే ఇందాకటి ఢీ ఒత్తిడి. రాత్రంతా వానలో నిలబడ్డ బండి సందులు నీటితో నిండి ఉంటాయి, సీటు పొడిగా ఉంటుంది. పొద్దున్నే వాన వెలిశాక, ఎండలో బయల్దేరితే మొదటి మలుపు దాటేసరికి ఒళ్లో చుక్కలు పడతాయి. ఆకాశంలో మబ్బు లేకుండా కారులో వాన!

సందుపాకుడుకు విరుగుడు రెండే. సందు అస్సలు లేకుండా నింపెయ్యాలి, లేదంటే నీరు అందుకోలేనంత వెడల్పు చెయ్యాలి. ఐదారు మిల్లీమీటర్ల ఖాళీ నీటి గొలుసును తెంపేస్తుంది. సన్నగా మిగిల్చిన సందు, సగం ఊడిన సీలెంట్, ఈ రెండే అన్నిటికన్నా చెడ్డవి.

నీటికి ఇంకో అలవాటుంది, అంచు దాటాక కూడా అడుగును కరుచుకుని వెనక్కి పాకడం. ఇల్లు కట్టే మేస్త్రి సన్‌షేడ్ అడుగున అంచుకు దగ్గర్లో సన్నని గాడి తీసేది దీని కోసమే. గాడి దగ్గర పట్టు తప్పి నీరు చుక్కై రాలిపోతుంది, గోడ దాకా రాదు. కారులో డాష్‌బోర్డు పైకప్పు రేకు అంచును కిందికి ఒక మడత మడిస్తే అదే పని చేస్తుంది. వైర్లూ అంతే. ఇంజన్ గదిలోంచి క్యాబిన్‌లోకి వచ్చే వైరు కట్టను కంత దగ్గరికి తిన్నగా తెస్తే నీరు దాని వెంబడే నడిచి వస్తుంది. కంతకు ముందు కట్టను కిందికి ఒక వంపు తిప్పితే, నీరు ఆ వంపు అడుగున రాలిపోతుంది. పైసా ఖర్చు లేని పని.

రివెట్ల గురించి ఒక మాట. మామూలు పాప్ రివెట్టును తుపాకీ లాంటి పనిముట్టుతో లాగితే మధ్యలోని పుల్ల తెగి, నడుమ బోలుగా మిగిలిపోతుంది. పైకి గట్టిగా కనిపించే రివెట్టు నిజానికి చిన్న గొట్టమే. ఇలాంటి గొట్టాలు నేల రేకు చుట్టూ వరసగా ఉంటాయి. చివర మూసి ఉన్న రివెట్లు దొరుకుతాయి, నీరు తగిలే చోట అవే వాడాలి. పాతవి అయితే ఒక్కోదాని నోట్లో సీలెంట్ చుక్క పెట్టాలి. ఆ సీలెంట్ కూడా చూసి కొనాలి. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, లోహాన్ని తినేస్తుంది. పైగా దాని మీద పెయింటు నిలవదు. స్పాంజి విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. గదులన్నీ ఒకదానిలోకి ఒకటి తెరిచి ఉన్న మెత్తటి స్పాంజి నీరు పీల్చి రోజుల తరబడి దాచుకుంటుంది. స్టీలు, అల్యూమినియం కలిసే చోట అలా తడి నిలిస్తే రెంటి మధ్యా చిన్నపాటి బ్యాటరీ తయారై అల్యూమినియం బూజులా రాలుతుంది. చలికాలంలో బ్రిటన్ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడ ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. లోపలికి వచ్చి వెంటనే పోయే నీటి కన్నా, లోపలికి రాకుండా అతుకులో ఇరుక్కున్న నీరే బండి ఆయుష్షు తీస్తుంది.

పెంకులు, రెండు వాలులు

పెంకుటింటి మీద ఏ పెంకునూ దేనికీ అతికించరు. వేలెడంత సందులుంటాయి, గాలి ఆడుతూ ఉంటుంది, అయినా ఇల్లు కురవదు. పై పెంకు అంచు కింది పెంకు మీదికి రావాలి, అంతే నియమం. నీరు ఎప్పుడూ తన ముందున్న పెంకు వీపు మీదే దిగుతుంది గానీ అడుగుకు పోయే అవసరం రాదు. బెంగుళూరు పెంకు అంచున గాడి కూడా ఉంటుంది. పక్కకు దొర్లిన నీటిని పట్టి కిందికి వదలడానికి.

కారు కూడా అలాగే కప్పాలి. అయితే కదిలే కారుకు వాలులు రెండు. ఒకటి పైనుంచి కిందికి, ఇంకోటి ముందు నుంచి వెనక్కి. గాలి తోసే వాలు అది. అందుకని పైది కిందిదాని మీదికి రావాలి, ముందుది వెనకదాని మీదికి రావాలి. పక్క తెర వెనక అంచు టాపు గుడ్డ మీద పడాలా, గుడ్డ దాని మీద పడాలా అన్న సందేహం వస్తే ఈ రెండో వాలును గుర్తు చేసుకోవాలి.

ఈ సంగతి మరిస్తే పెద్ద కంపెనీలకూ తిప్పలు తప్పలేదు. 1959 ఆగస్టులో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి మినీ మార్కెట్లోకి వచ్చింది. అలెక్ ఇసిగోనిస్ గీసిన బండి, కార్ల చరిత్రలో చెప్పుకోదగ్గ తెలివైన పని. ఆ వేసవి ఇంగ్లాండులో పొడిగా గడిచింది. తర్వాత వానలు పట్టుకున్నాక కొన్నవాళ్ల కాళ్ల కింద నీళ్లు తేలాయి. నేల రేకుల అతుకు దగ్గర ఒకదాని అంచు ముందు వైపుకు నోరు తెరిచి ఉండటం కారణం. ముందు చక్రాలు చిమ్మిన నీటిని ఆ నోరు దోసిలి పట్టి లోపలికి పంపేది. రబ్బరు, సీలెంట్ ఎన్ని పూసినా నిలవలేదు. రేకుల వరస తిరగేసి, వెనకది ముందుదాని మీద కాకుండా ముందుది వెనకదాన్ని కప్పేలా చేశాక గానీ దారికి రాలేదు. ఇంత తెలివైన బండిని పెంకుల వరస ఓడించిందంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

రెండు వాలులూ ఒకే దిక్కుకు ఉన్నంతసేపూ పేచీ లేదు. ముందు అద్దం దగ్గర అవి కొట్టుకుంటాయి. వేగంగా పోతున్నప్పుడు అద్దం మీది చుక్కలు కిందికి దిగవు, పైకి పాకుతాయి. గాలి వాటిని ఎగతోస్తుంది. అలా ఎక్కిన నీరు నేరుగా టాపు ముందంచు దగ్గరికి చేరుతుంది. ఆగి ఉన్న బండికి టాపు అంచు అద్దం చట్రం మీదికి రావాలి, అప్పుడే పైనుంచి దిగే నీరు బయటికి పోతుంది. పరిగెత్తే బండికి అదే అంచు, కిందనుంచి పైకి వచ్చే నీటికి ఎదురుగా నోరు తెరుచుకున్నట్టు ఉంటుంది. ఒక స్థితికి సరైన పెంకు ఇంకో స్థితికి తిరగబడ్డ పెంకు. అందుకే ఈ ఒక్క అంచును వదులుగా వేలాడదీయకూడదు. అద్దం పై చట్రానికి గాడి పెట్టి, గుడ్డ అంచున కుట్టిన గట్టి పట్టీని అందులో దూర్చి బిగించాలి, లోపలి వైపు మెత్తని రబ్బరు బీడింగు ఆనించాలి.

టాపు గుడ్డ విషయానికొస్తే, 1823లో స్కాట్లాండులో చార్లెస్ మాకింటోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పొర పెట్టి పేటెంటు తీసుకున్నాడు. మంచి రకం కారు టాపు గుడ్డలు ఇవాళ్టికీ ఆ మూడు పొరల పద్ధతిలోనే వస్తున్నాయి. ఆయన గుడ్డతో కోట్లు కుట్టిన దర్జీల సూదులు వరసగా కంతలు చేయడంతో ఆ కుట్ల వెంబడే నీరు దిగేది. టాపులో కుట్టు ఎక్కడ పడాలో నిర్ణయించేటప్పుడు దీన్ని గుర్తుంచుకోవాలి. నీళ్లు నిలిచే పల్లంలో కుట్టు పడకూడదు, పడక తప్పకపోతే దాని మీద ఇంకో మడత కప్పాలి.

రెండు గీతలు, నడుమ తూము

ఇంత చేసినా కొంత నీరు వస్తుంది. వస్తుందని ఒప్పుకుని కట్టిన బండే పొడిగా ఉంటుంది. మీ ఇంటి మామూలు కారు తలుపునే చూడండి. అద్దం కిందికి దిగే చీలికలోంచి ప్రతి వానకూ నీళ్లు తలుపు కడుపులోకి వెళ్తూనే ఉంటాయి. లోపలి వైపున్న ప్లాస్టిక్ పొర వాటిని క్యాబిన్‌లోకి రానివ్వదు, తలుపు అడుగున ఉన్న కంతలు కిందికి వదిలేస్తాయి. బ్రేకు వేసినప్పుడు తలుపులో నీళ్లు తొణికిన చప్పుడైతే ఆ కంతలు మట్టితో మూసుకుపోయినట్టు. సన్‌రూఫ్ కూడా కురుస్తూనే ఉంటుంది. దాని చుట్టూ ఉన్న పళ్లెంలో పడిన నీటిని మూలల్లోని గొట్టాలు స్తంభాల గుండా కిందికి తీసుకుపోతాయి. 1989లో వచ్చిన మాజ్దా ఎం.ఎక్స్-5లో టాపు మీది నీరు సీట్ల వెనక ఇరుపక్కలా ఉన్న తూముల్లోంచి పోతుంది. చెట్ల కింద నిలిపే బండికి ఆ తూముల్లో ఆకులు పేరుకుంటే, నీరు పొర్లి క్యాబిన్‌లోకి దిగుతుంది. టాపు మార్చాలేమోనని బెంగపడే యజమానికి చాలాసార్లు కావాల్సింది ఒక సన్నని మెత్తటి తీగ.

ఇంట్లో కట్టే బండికి ఈ పద్ధతిని అరువు తెచ్చుకోవచ్చు. అతుకు దగ్గర రెండు గీతలు గీయాలి. బయటి గీత ఒక పెదవి లాంటిది, చినుకు నేరుగా తగలకుండా ఆపితే చాలు, గాలి ఆడినా ఫర్వాలేదు. లోపలి గీత గట్టి బీడింగు, అది గాలిని ఆపాలి. రెంటి మధ్య వేలు పట్టేంత ఖాళీ, దాని అడుగున తూము. ఇందులో మర్మమేమిటంటే, గాలి లోపలి గీత దగ్గర ఆగిపోయింది కాబట్టి మధ్య ఖాళీలోనూ బయటా ఒత్తిడి సమానంగా ఉంటుంది. బయటి గీత దగ్గర నీటిని నెట్టే శక్తి ఏదీ మిగలదు. దాటి వచ్చిన నాలుగు చుక్కలు బరువుకు కిందికి దిగి తూము పడతాయి. ఎత్తైన భవనాల అద్దాల గోడల్ని కూడా ఈ ‘సమ ఒత్తిడి గది’ పద్ధతిలోనే కడుతున్నారు. చాలామంది చేసే పని దీనికి వ్యతిరేకం. బయటి అంచున సీలెంట్ దట్టించి, లోపల వదిలేస్తారు. ఆ సీలెంట్‌లో ఎక్కడ వెంట్రుకంత చీలిక వచ్చినా మొత్తం ఒత్తిడి ఆ ఒక్క చోట పడుతుంది.

లోపలి బీడింగు సరిగ్గా ఆనుతోందో లేదో తెలియాలంటే ఒక కాగితం ముక్కను దాని మీద పెట్టి మూసి, లాగి చూడాలి. కొంచెం బిగువుగా జారాలి. తేలిగ్గా వచ్చేస్తే రబ్బరు ఆనట్లేదు. చిరిగితే మరీ నలిగిపోతోంది, ఆ రబ్బరు కొన్నాళ్లకు చదునై పనికిరాకుండా పోతుంది. నేల రేకులో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట ఒక తూము తప్పనిసరి. దాని మీద రబ్బరు బిరడా పెట్టుకోవచ్చు, లేదా తూము నోరు వెనక్కి తిరిగేలా చిన్న రేకు పడగ కట్టొచ్చు. ముందుకు తిరిగితే మినీ కథే.

కురిసే చోటు వెతకడానికి గొట్టంతో నీళ్లు కొడతారు. చాలామంది పైనుంచి మొదలుపెడతారు, నీరు అన్ని అతుకుల మీదుగా దిగి దేన్నీ తేల్చదు. అన్నిటికన్నా కిందున్న అతుకుతో మొదలుపెట్టి, ఒక్కోచోట కొన్ని నిమిషాలు సన్నధార పట్టి, తర్వాత పైదానికి పోవాలి. లోపల ఒకరు టార్చితో, పరిచిన పాత దినపత్రికలతో కూర్చోవాలి. తడిసిన కాగితం నీరు పడిన చోటే చెబుతుంది గానీ దూరిన చోటు చెప్పదు. అక్కణ్ణుంచి చట్రం గొట్టాల వెంబడి వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. అయితే గొట్టం నీళ్లలో ఢీ ఒత్తిడి ఉండదు. పరుగులోనే కురిసే బండికి పనిని తిరగేయాలి. లోపల బ్లోయరు పెట్టి గాలి ఊదుతూ, బయట అతుకుల మీద సబ్బునీళ్లు రాయాలి. బుడగలు లేచిన చోటే హైవే మీద నీళ్లు దూరే చోటు. ఇంట్లో కట్టిన వాటిలో గట్టి టాపు, తలుపులు ఉన్న కార్లకు ఇది బాగా పనిచేస్తుంది. గుడ్డ టాపులో గాలి నిలవదు కాబట్టి అద్దం చుట్టూ మాత్రం చూసుకోవచ్చు.

ఒక్కోసారి బుడగలు రావు, కాగితాలు తడవవు, పొద్దున చూస్తే మాత్రం అద్దం లోపలి వైపు నీళ్లు కారుతుంటాయి. ఇది వాన కాదు. ఘనమీటరు గాలి 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాముల ఆవిరిని మోయగలదు, 5 డిగ్రీలకు దిగితే 7 గ్రాములకు మించి మోయలేదు. ఇద్దరి ఊపిరి, తడి కోట్లు, నిన్నటి వానకు తడిసిన కార్పెట్ కలిసి ఆ చిన్న క్యాబిన్‌ను ఆవిరితో నింపుతాయి. రాత్రి చల్లబడ్డ అద్దం మీద మిగులంతా నీరై దిగుతుంది. సందులన్నీ మూసి గాలి ఆడకుండా చేసిన బండిలో ఈ బెడద మరీ ఎక్కువ. అద్దంలోనే సన్నని తీగలు పెట్టి కరెంటుతో వేడి చేసే ఏర్పాటు కేటర్‌హామ్ బండ్లలో అందుకే ఉంటుంది. అది లేనివాళ్లు కార్పెట్ బయటికి తీసి ఆరేసి, పక్క తెర ఒకటి కాస్త తెరిచి ఉంచి, ఫ్యాను వేసుకుంటే సరిపోతుంది.